పడవలు తీసేసిన చెరువు

హోటల్ మేనేజ్‌మెంట్ చదివిన పిల్లలు అప్పుడప్పుడూ విజయవాడలో మా ఇంటికి వస్తుంటారు. "ఎకో రిసార్టు నడిపారట గదా అంకుల్, ఎలా నడపాలో చెప్పండి" అని నోటుబుక్కులు తీసి కూర్చుంటారు. సోలార్ దీపాల గురించో, ప్లాస్టిక్ మానేయడం గురించో చెబుతాననుకుంటారు పాపం. నేను రత్తమ్మ మరచెంబు గురించి మొదలుపెడతాను. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. ముసలాయనకి చాదస్తం వచ్చిందనుకుంటారేమో. అనుకోనివ్వండి. ఈసారి నోటితో కాకుండా రాసి పెడుతున్నాను, తీరిగ్గా చదువుకోవచ్చు.

లాడ్జిలోంచి పొలాల్లోకి

నా పేరు కరీం. పుట్టింది, పెరిగింది విజయవాడ వన్‌టౌన్‌లో. మా నాన్నది టైలరింగు షాపు. నాకు సూది పట్టడం రాలేదు గానీ మనుషుల్ని పలకరించడం వచ్చు. అందుకని రైల్వేస్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో కౌంటరు మీద కూర్చోబెట్టారు. అక్కడే మేనేజర్నయ్యాను. ఆ లాడ్జి ఓనరు సుబ్బారావు గారు. పామర్రు వైపు రైతు కుటుంబం, టోకు వ్యాపారం కోసం బెజవాడ వచ్చి స్థిరపడ్డ మనిషి. గొంతు పెద్దది, మనసు మంచిది. ఆ గొంతు దాటుకుని మనసు దాకా వెళ్ళడానికి మాత్రం ఓపిక కావాలి.

తొంభైల మధ్యలో ఒకరోజు పొద్దున్నే నన్ను కారెక్కించుకుని పామర్రు దాటించి, కూచిపూడి వెళ్ళే దారిలో పంట కాలవ గట్టు మీద ఆపారు. అన్నదమ్ముల పంపకాల్లో ఆయన వాటాకొచ్చిన ఏడెకరాలు అక్కడున్నాయి.

"ఇక్కడ రిసార్టు కడదాం కరీమూ. పెంకుటిళ్ళు, తాటాకు పందిళ్ళు, ఊరివాళ్ళ చేతివంట. సిటీ జనం వచ్చి కాలవ చూస్తారు."

"డబ్బులిచ్చి కాలవ చూస్తారాండీ?"

"పుట్టిందగ్గర్నుంచీ నువ్వు బస్టాండు చూశావు. వాళ్ళూ అంతేనయ్యా. చూస్తారు."

చూశారు కూడా. ఆయన లెక్క తప్పలేదు. ఎకో అనే మాట అప్పటికి మా ఇద్దరికీ తెలీదు. ఉన్న చెట్టు కొట్టకూడదు, కాలవలోకి మురికి వదలకూడదు, పనివాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే అయ్యుండాలి, ఇవీ మా రూళ్ళు. మూడో రూలు నేనే మొదట తప్పాను. ఊరివాళ్ళకి సర్వింగు రాదని బెజవాడ నుంచి బేరర్లని తెచ్చాను. రెండు నెలలకే "ఇక్కడ సినిమా హాలు లేదు సార్" అని అందరూ వెళ్ళిపోయారు. ఊరివాళ్ళకి నేర్పడానికి పట్టింది మూడు వారాలు. నా తెలివి అలా ఏడిచింది.

ఇంకో పాఠం కూచిపూడి నుంచి వచ్చిన నాట్యం మాస్టారు నేర్పారు. అతిథులు భోంచేస్తుంటే పక్కన నాట్యం పెడితే బాగుంటుందని నేననుకున్నాను. ఆయన ఒక్కసారి మా డైనింగు హాలు చూసి చెప్పులేసుకున్నారు.

"మా పిల్లలు గజ్జె కట్టి ఆడుతుంటే మీవాళ్ళు అప్పడాలు విరుస్తుంటే ఎట్టాగండీ? ముందు నాట్యం చూడమనండి, తర్వాతే భోజనం. ఆకలి మీద చూస్తే ఇంకా బాగా కనపడుద్ది."

అదీ నిజమే అయింది. ఆకలి మీదున్నవాళ్ళు కదలకుండా కూర్చుని చూశారు. ఊరినుంచి ఏదైనా తెచ్చుకునేటప్పుడు దాని మర్యాద కూడా కలిపి తెచ్చుకోవాలని అప్పుడే నాకు అర్థమై ఉండాల్సింది. ఆ ఒక్క నాట్యం వరకే అర్థమైంది.

రత్తమ్మ మరచెంబు

రత్తమ్మ మా వంటశాల పెద్ద. కాలవకి దిగువన, అరమైలు దూరంలో ఉన్న ఊరు వాళ్ళది. అప్పటికి యాభై ఉంటాయేమో. గోంగూర పచ్చడి, చేపల పులుసు ఆవిడ చేతిలో పడితే అమృతమే. నోరు మాత్రం పచ్చిమిరపకాయ. నాకు జీతమిచ్చేది సుబ్బారావు గారు, నన్ను తిట్టేది రత్తమ్మ.

ఆవిడ రోజూ పనికొస్తూ ఒక ఇత్తడి మరచెంబు తెచ్చుకునేది. నిండా మంచినీళ్ళు. వచ్చీరాగానే వంటశాల మేకుకి తగిలించి, రోజంతా అందులోవే తాగేది. మా దగ్గర నీళ్ళు లేకనా? ఆ ప్రాంతంలో బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. అందుకని రెండెకరాల్లో గుంట తవ్వించి, కాలవ తూములోంచి నీళ్ళు పెట్టుకునేవాళ్ళం. ఇసక ఫిల్టర్లోంచి వంటకి వచ్చేవి ఆ నీళ్ళే. బ్రోచరులో దాన్ని 'కలువల కొలను' అని వేశాం. అందులో రెండు పడవలుండేవి. అతిథులు పడవెక్కేవాళ్ళు, ఎండాకాలం దూకి ఈత కొట్టేవాళ్ళు. బ్రోచరు అట్ట మీద బొమ్మే ఆ పడవ. ఊరివాళ్ళు మాత్రం దాన్ని కొలను అనేవాళ్ళు కాదు, రిసార్టు గుంట అనేవాళ్ళు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "ఆ నీళ్ళతోనే వండుతావు గదా రత్తమ్మా, తాగడానికేం?"

"వండేది వాళ్ళకండీ. అందులో ఈదేదీ వాళ్ళే. వాళ్ళ నీళ్ళు వాళ్ళకే" అని పులుసులో గరిటె తిప్పింది.

నవ్వేసి ఊరుకున్నాను. ఆ మాటలోనే అంతా ఉంది. నాకు వినపడలేదు. నవ్వు కింద ఇంకో అనుమానం ఒకటి నా మనసులో ముల్లులాగా ఉండిపోయింది. అదేమిటో తర్వాత చెబుతాను, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా.

నీళ్ళు చాలని ఏడు

డెల్టాలో ప్రతి ఎండాకాలం కాలవలకి నీళ్ళు కట్టేస్తారు. కట్టేముందు కొన్నాళ్ళు నీళ్ళు వదిలితే ఊళ్ళన్నీ తమ మంచినీళ్ళ చెరువులు నింపుకుంటాయి. మళ్ళీ కాలవకి నీళ్ళొచ్చేదాకా ఆ చెరువే ఊరికి దిక్కు. బెజవాడలో కుళాయి తిప్పి పెరిగినవాణ్ణి, నాకిది వార్తల్లో సంగతిలాగా తెలుసు గానీ ఒంటికి తెలీదు.

రెండువేలు దాటాక ఒక ఏడు కృష్ణలో నీళ్ళు చాలా తగ్గిపోయాయి. లాకుల దగ్గర పనిచేసే లస్కరు సైకిలాపి చెప్పి వెళ్ళాడు. "నాలుగు రోజులే వదులుతారంటండీ. అదీ సన్నగానే. చూసుకోండి మరి."

చూసుకున్నాను. నా గుంట నేను చూసుకున్నాను. మా తూము ఊరి తూముకి ఎగువన ఉంది. ఆ శని ఆదివారాలకి హైదరాబాదు నుంచి పెద్ద గుంపు వస్తోంది, పడవలు తేలాలి. నాలుగు రోజులూ తూము బార్లా తెరిచి వదిలేశాను. ఎవరి నోటికాడ నీళ్ళయినా లాగుతున్నానన్న ఆలోచనే లేదు. పాపం చేస్తున్నానని తెలిసి చేసేవాడికంటే నాలాంటి తెలియనివాడితోనే ఊళ్ళకి ఎక్కువ ప్రమాదం. ఈ ముక్క అండర్‌లైన్ చేసుకోండి.

గుంట నిండింది. అతిథులొచ్చారు, ఫొటోలు తీసుకున్నారు, వెళ్ళారు. ఊరినుంచి ఒక్కరూ వచ్చి ఇదేమిటని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

రెండు వారాల తర్వాత వంటశాలలోకి వెళితే రత్తమ్మ మరచెంబు ఎత్తి తాగుతోంది. సగం చెంబే ఉన్నట్టుంది, బాగా వంచాల్సి వచ్చింది.

"ఏం రత్తమ్మా, తొందరలో సగమే నింపావా?"

"ఇంటికి రెండు బిందెలేనండీ రోజుకి. చెరువులో మోకాలి లోతు లేవు. మా బావగారు దగ్గరుండి పోయిస్తున్నారు." మూత బిగించింది. "మీ గుంట నిండిందిగా. చాల్లెండి."

ఆ 'చాల్లెండి' గుండెలో దిగింది. బయటకొచ్చి కలువల కొలను చూశాను. గట్టు తన్నుతూ ఉన్నాయి నీళ్ళు. పడవలు తాపీగా ఊగుతున్నాయి. చెంపలు వాయించుకోవాలనిపించింది.

చూద్దాంలెండి

రత్తమ్మ బావగారు కోటయ్య గారు ఆ ఊళ్ళో చిన్న రైతు. మంచినీళ్ళ చెరువు బాధ్యత ఊరు ఆయన చేతిలో పెట్టింది. ఆ సాయంత్రమే ఆయనింటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు.

"తప్పు నాదేనండి. మా గుంటలో నీళ్ళన్నీ మీవే అనుకోండి. రేపట్నుంచి తోడుకెళ్ళండి, ట్రాక్టరు నేను పెడతాను" అన్నాను.

ఆయన నావైపు ఎంతో మర్యాదగా చూశారు. "ఎంత మాటండీ. మీరు అడగడమే చాలు. చూద్దాంలెండి."

నేను సంబరంగా తిరిగొచ్చాను. కృష్ణా జిల్లాలో పెద్దమనిషి "చూద్దాంలెండి" అంటే కాదని అర్థం. ఇన్నేళ్ళు ఇక్కడే బతికి ఆ మాత్రం గ్రహించలేకపోయాను. వారం గడిచినా ఒక్క బిందె రాలేదు. ఊరివాళ్ళు మూడు మైళ్ళవతల నుంచి సైకిళ్ళ మీద నీళ్ళు మోసుకొస్తున్నారు, మా గేటు ముందునుంచే.

అప్పుడు నాలో దాచుకున్న ముల్లు బయటికొచ్చింది. వంటశాలలోకి వెళ్ళి, నలుగురూ వింటుండగా, అనకూడని మాట అన్నాను.

"నాకు తెలుసు రత్తమ్మా. సాయిబు చేతికింద నీళ్ళని గదా మీరు తాగంది? ఆ చెంబు రోజూ మోసుకొచ్చేదీ అందుకే గదా?"

రత్తమ్మ కత్తిపీట పక్కకు జరిపి లేచి నిలబడింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు నేను చూడడం అదే మొదటిసారి.

"మూడేళ్ళనుంచి మీ ఒక్కపొద్దుల నెలలో, పొద్దుగూకే వేళకి మీరు దేంతో ఉపవాసం విడిచారు సార్? ఖర్జూరం మీ ఇంటి నుంచి వచ్చుద్ది. నీళ్ళెవరివి?"

మేకుకి వేలాడుతున్న చెంబు వైపు చెయ్యి చూపించింది.

"నా చెంబులోవి. ఎత్తి పోశానా? చెంబే చేతికిచ్చాను. మీరు తాగిన చెంబులోనే నేనూ తాగాను. పొద్దుటినుంచీ గొంతు ఎండబెట్టుకున్న మనిషి ఆ గుంటనీళ్ళు తాగకూడదని ఇచ్చానండీ. ఇంత మాటంటారా?"

నా జీవితంలో నేను తలెత్తలేని క్షణాలు రెండో మూడో ఉన్నాయి. వాటన్నిటిలోకీ పెద్దది అదే. మూడు రంజాన్లు ఆ నీళ్ళు తాగాను. చల్లగా ఉన్నాయనుకున్నానే గానీ, చెంబు చేతిలో ఉండి కూడా అవెక్కడివని, ఎందుకిస్తోందని ఒక్కసారి ఆలోచించలేదు. "తప్పయిపోయిందమ్మా" అన్నాను. అదీ సరిగ్గా పైకి రాలేదు.

కాసేపటికి ముక్కు చీదుకుని ఆవిడే చెప్పింది. "మంచినీళ్ళ చెరువులో ఎవరూ కాలు పెట్టకూడదండీ. మా ఊళ్ళో కలెక్టరొచ్చినా చెప్పులు గట్టు కిందే విడుస్తాడు. నీళ్ళ మీదికి కట్టిన బల్ల మీద కూర్చుని వంగి ముంచుకుంటాం, కాలిగోరు తగలనివ్వం. మీ గుంటలో పడవలేశారు, ఈతలు కొట్టించారు. కాళ్ళు కడిగిన నీళ్ళు ఇంట్లో పిల్లలకి ఎట్టా పోస్తాం? మీ మొహమ్మీద ఆ మాట అనలేక మా బావగారు చూద్దాంలెండి అన్నారు."

సుబ్బారావు గారి దెబ్బ

మర్నాడే పడవలు రెండూ ఒడ్డుకి లాగించి బోర్లించాను. ఆ ఎండాకాలమంతా పామర్రు వైపునుంచి ట్యాంకరుతో నీళ్ళు తెప్పించి ఊరి చెరువు గట్టున ఇచ్చాం. అది తప్పుకి జరిమానా, గొప్పేమీ కాదు. అసలు పని వేరే ఉంది. గుంటని ఎండగట్టి, పూడిక తీసి, సున్నం చల్లి, కొత్తనీళ్ళు పెడితే అది కొత్త చెరువే అవుతుందని రత్తమ్మ చెప్పింది. కానీ ఆ తర్వాత అందులో కాలు పడకూడదు, ఎప్పటికీ.

సుబ్బారావు గారు బెజవాడ నుంచి ఊడిపడ్డారు.

"అట్ట మీద బొమ్మే పడవయ్యా! పడవ తీసేస్తే వచ్చినవాళ్ళకి ఏం చూపిస్తావు, నీ మొహమా?"

"ఊరివాళ్ళకి నా మొహం చూపించలేకపోతున్నానండీ, ముందు అది చూడండి" అని జరిగిందంతా చెప్పాను. రంజాను సంగతి కూడా దాచలేదు. కాలు పెట్టకూడదన్న మాట దగ్గరికొచ్చేసరికి ఆయన అరుపు ఆగిపోయింది. బోర్లించిన పడవ మీద కూర్చున్నారు.

"చిన్నప్పుడు ఒకసారి మా అమ్మ నన్ను చింతబరికెతో వీపు చిట్లేలా కొట్టింది కరీమూ. మంచినీళ్ళ చెరువులో దిగి తామరపువ్వు కోశానని. ఆ దెబ్బ ఇప్పటికీ గుర్తుంది. ఎందుకు కొట్టిందో ఇవాళ దాకా గుర్తు రాలేదు." గుంట వంక తిరిగారు. "నువ్వు బస్టాండులో పుట్టావు, నీకు తెలీదు. నాకేమైంది?"

లేచి పంచె దులుపుకున్నారు. "తీసెయ్. గిరాకీ పడిపోతే మాత్రం నువ్వు మళ్ళీ లాడ్జి కౌంటరుకే." ఆ బెదిరింపులో పస లేదని ఇద్దరికీ తెలుసు. అయినా గిరాకీ మీద భయం నాకు నిజంగానే ఉంది.

తాళంచెవి

తర్వాతి ఏడు కాలవకి ఆఖరు నీళ్ళు వదిలేముందు గుంట ఎండగట్టాం. పూడిక తియ్యడానికి మనుషులు కావాలని ఊళ్ళో చెప్పాను గానీ ఎవరొస్తారో తెలీదు. మొదటిరోజు నేనూ, మా తోటమాలులే దిగాం. నేను లుంగీ ఎగ్గట్టి బురదలో దిగితే ఒక కాలు పైకి రాలేదు, ఇద్దరు పట్టి లాగారు. రెండోరోజు పొద్దున కోటయ్య గారు పార భుజాన వేసుకుని వచ్చారు. వెనక పాతిక మందిదాకా ఉన్నారు. "సార్ కాలు బురదలో ఇరుక్కుందంట గదా, చూద్దామని వచ్చాం" అన్నారు. ఊరంతా నవ్వింది. ఆ నవ్వు నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

పూడిక పోయింది, సున్నం పడింది, చుట్టూ కంచె వేశాం, వంగి ముంచుకోవడానికి బల్ల కట్టాం. నీళ్ళు వదిలే రోజు మా తూము తాళంచెవి తీసుకెళ్ళి కోటయ్య గారి చేతిలో పెట్టాను.

"ముందు మీ చెరువు నిండాకే మాది తెరవండి. మిగలకపోతే తెరవొద్దు."

ఆయన చెవి తిప్పి తిప్పి చూశారు. ఈసారి చూద్దాంలెండి అనలేదు. మొలతాడుకి కట్టుకున్నారు. నాలుగోరోజు సాయంత్రం ఆయనే వచ్చి మా తూము తెరిచి, నీళ్ళు పడుతుంటే నా పక్కన నిలబడి చూశారు.

గిరాకీ తగ్గింది, అబద్ధం ఎందుకు. పడవ లేదని ఇద్దరు ముగ్గురు గొడవ పెట్టుకుని వెళ్ళిపోయారు. గట్టు కింద బోర్డు పెట్టాం: 'చెప్పులు ఇక్కడ విడవండి. ఈ నీళ్ళు ఊరు తాగేవి.' ఒక బ్యాంకు ఆఫీసరు గారు కాళ్ళు మాత్రం ముంచుతానని బతిమాలితే వాళ్ళావిడే లాగి అవతల కూర్చోబెట్టింది. తర్వాత ఆవిడ బల్ల మీద కూర్చుని బిందె ముంచడం నేర్చుకుంది. మర్నాడు పొద్దున కూడా వచ్చి ముంచింది. పడవ కోసం వచ్చేవాళ్ళు పోయి, ఇలాంటివాళ్ళు మిగిలారు. రెండేళ్ళలో గదులు మళ్ళీ నిండాయి, నేను లాడ్జికి వెళ్ళలేదు.

తాళంచెవి ఇచ్చిన ఆ ఏడు మాత్రం, ఇంతా చేశాక కూడా ఊరు ఆ నీళ్ళు తాగుతుందో లేదో నాకు తెలీలేదు. ఎవర్నీ అడగలేదు. అడిగితే మర్యాదకి తాగుతామంటారని భయం. మే నెల సగమయ్యాక వాళ్ళ చెరువు అడుగంటింది. ఒక పొద్దున ఆఫీసు కిటికీలోంచి చూస్తుంటే సైకిళ్ళు మా గేటు దాటి ముందుకు పోలేదు, లోపలికి తిరిగాయి. ఆడవాళ్ళు బిందెలతో వచ్చారు. కోటయ్య గారు చెప్పులు విడిచి గట్టెక్కి, వంగి చేత్తో నీళ్ళు తాకి కళ్ళకద్దుకుని, మొదటి బిందె ముంచారు. "ఇటు రండి, ఈ చెరువులో తేటగా ఉన్నాయి" అని కేకేశారు. గుంట అనలేదు. నేను కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు, కళ్ళు సరిగ్గా కనపడక.

రత్తమ్మ మాత్రం ఆ తర్వాత కూడా చెంబు తెచ్చుకుంటూనే ఉంది. వారం చూశాను, రెండు వారాలు చూశాను. ఊరంతా క్షమించినా ఆవిడ క్షమించలేదనుకున్నాను. న్యాయమే, నేనన్న మాట అలాంటిది.

ఆ ఏడు రంజాను నెల వచ్చింది. మొదటిరోజు సాయంత్రం, ఉపవాసం విడిచే సైరను మోగే వేళకి ఖర్జూరం చేతిలో పట్టుకుని వంటశాల గుమ్మంలో కూర్చున్నాను. మేకు వైపు చూస్తే ఖాళీగా ఉంది. చెంబు లేదు. నా ప్రాణం ఉసూరుమంది.

"చెంబేది రత్తమ్మా?" అన్నాను.

ఆవిడ వంకాయలు తరుగుతూ తలెత్తకుండానే అంది. "ఇంటిదగ్గరే వదిలేసొచ్చానండీ. రోజూ ఎందుకు మోత?"

కత్తిపీట పక్కకి జరిపి, చేతులు తుడుచుకుని, మా కుండలోంచి గ్లాసు నిండా ముంచి ముందు తాను నాలుగు గుక్కలు తాగింది. అదే గ్లాసు మళ్ళీ ముంచి నా చేతికిచ్చింది.

"ఇక్కడ మంచినీళ్ళున్నాయిగా. తాగండి, పొద్దుగూకింది."